తప్పు నీదీ ఉందిగా!

పిల్లవాడు మోకాలు చెక్కుకుని ఏడుస్తూ ఇంటికొస్తే మన నోట ముందుగా వచ్చేది "అయ్యో" కాదు. "చూసుకుని నడవొద్దూ?" అన్నది ముందు, పసుపు డబ్బా వెతకడం తరవాత. ప్రేమ లేక కాదు. ప్రేమా, తప్పు పట్టడమూ ఒకే నోటితో రావడం మనకలవాటు.

న్యాయశాస్త్రానికీ ఈ అలవాటుందంటే నమ్ముతారా? ఎవరి అజాగ్రత్త వల్లనో దెబ్బతిన్నవాళ్ళు పరిహారం కోసం దావా వేస్తే, అవతలి ప్లీడరు చెప్పే జవాబుల్లో ముఖ్యమైనవి మూడు. "తప్పు నీదీ ఉంది." "ప్రమాదమని తెలిసే ఒప్పుకున్నావు." "ఇది దైవఘటన, మా చేతిలో లేదు." ఆలోచిస్తే మూడూ మనం ఇంట్లో అనే మాటలే!

మొదటి దాని కథ వినండి. 1809లో ఇంగ్లండులో ఒకాయన దారికి అడ్డంగా దుంగ పెట్టాడు. గుర్రం మీద జోరుగా వచ్చిన ఇంకొకాయన దానికి తగిలి పడ్డాడు. చూసుకుని వస్తే తప్పేది కదా అని కోర్టు అతనికి చిల్లిగవ్వ ఇప్పించలేదు. పడ్డవాడి తప్పు పిసరంత ఉంటే చాలు, దుంగ పెట్టినవాడి తప్పంతా మాఫీ అన్నమాట! ఎవరి తప్పెంతో తూచి అంతమేరకే పరిహారం తగ్గించాలని అక్కడ చట్టం చేసేసరికి 1945 వచ్చింది. మన కోర్టులూ ఆ తూకమే పాటిస్తున్నాయి.

తూకంలోనూ తిరకాసుంది. ఒక మోటారు సైకిలు మీద ముగ్గురు వెళుతుంటే వెనకనుంచి కారు గుద్దింది. ముగ్గురెక్కడం నిబంధనకి విరుద్ధమే, కాదనం. కాని దానివల్లనే ప్రమాదం జరిగిందనో, దెబ్బ పెద్దదయిందనో రుజువైతే తప్ప పరిహారం కొయ్యకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. నిబంధన తప్పడం వేరు, ప్రమాదానికి కారణమవడం వేరు. ఈ తేడా మనం ఎన్నిసార్లు మరిచిపోతామో!

ఇక మన వైపు రండి. జనగామలోనో మహబూబాబాద్‌లోనో కిక్కిరిసిన రైలెక్కినవాళ్ళకి తెలుసు, కూచోవడం మాట దేవుడెరుగు, నిలబడడానికీ తలుపు దగ్గరే చోటు. అక్కడినుంచి ఎవరైనా జారిపడితే, "లోపల నిలబడొద్దా?" అంటారు చూసినవాళ్ళు. రైల్వే చట్టం మాత్రం ఆ మాట అనదు. నిజమైన ప్రయాణికుడు పొరపాటున పడిపోతే, రైల్వే తప్పు ఉన్నా లేకపోయినా పరిహారం ఇవ్వాల్సిందే. ఆత్మహత్య, తాగిన మత్తు, సొంత నేరం వంటి కొన్నిటికే మినహాయింపు. తెరిచిన తలుపు దగ్గర నిలబడడం అజాగ్రత్తేగాని నేరం కాదని సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. 2017 నుంచి మరణానికి పరిహారం 8 లక్షలు.

"అజాగ్రత్తకి బహుమానమా? అలాగైతే జాగ్రత్తగా ఎవరుంటారు?" అంటారేమో. ప్రశ్న న్యాయమైనదే. కాని 8 లక్షల కోసం బండిలోంచి జారిపడేవాళ్ళుంటారా, చెప్పండి? పోయినవాడికి ఏ డబ్బూ అందదు. అందేది వాడి భార్యకీ పిల్లలకీ. వాళ్ళేం తప్పు చేశారు?

భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి. గనిలో దిగేవాడికి ప్రమాదం తెలుసు. "తెలిసే దిగాడు కదా" అన్నది రెండో వాదన. తోటి పనివాడి పొరపాటుతో దెబ్బ తగిలినా యజమానికి బాధ్యత లేదనే సూత్రం ఇంగ్లండులో 1837లోనే పుట్టింది. పొయ్యిమీదికి బియ్యం కావాలి గనక దిగినవాడిది ఒప్పుకోలా, గత్యంతరం లేకపోవడమా? మన దేశంలో 1923 నాటి కార్మిక పరిహార చట్టం, యజమాని తప్పు రుజువు కాకపోయినా పరిహారం ఇమ్మంది. తాగున్నాడనీ, కావాలనే ఆజ్ఞ మీరాడనీ చెప్పుకునే వీలు ఉంచినా, ప్రాణం పోయినచోట అదీ చెల్లదంది.

మూడోది దైవఘటన. 2023 జూలైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తితే జనం ఇళ్ళ కప్పులెక్కారు, హెలికాప్టర్లు రావలసివచ్చింది. అంతటి వాన కురిపించడం మనిషి చేతిలో లేదు, నిజమే. కాని వానదంతా దేవుడి లెక్క కాదు. మధ్యప్రదేశ్‌లో వాన నీళ్ళలో కరెంటు తీగ తెగిపడి సైకిలు మీద వెళ్ళేవాడు పోతే, ఎవరో దొంగ కనెక్షను తీసుకున్నారని విద్యుత్ బోర్డు వాదించింది. ప్రమాదకరమైన పని చేసేవాళ్ళు ఆ బాధ్యతా మొయ్యాలని 2002లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఇదంతా కోర్టు గొడవ, మనకెందుకంటారా? "ఆ వేళప్పుడు ఆ పిల్ల ఒంటరిగా ఎందుకెళ్ళింది?" అని వీధి అరుగుమీద అనేదీ మొదటి వాదనే. వంటింట్లో చెయ్యి కాల్చుకున్న కోడలికి "ధ్యాసెక్కడ పెట్టుకున్నావు?" అనేదీ అదే. కోర్టులో నయం, ఆ మాట అన్నవాడే రుజువు చూపాలి. మనకి ఆ బాదరబందీ కూడా లేదు!

జాగ్రత్త చెప్పొద్దని కాదు. చెప్పాలి, వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి పదిసార్లు చెప్పాలి. దెబ్బ తగిలాక చెబితే మాత్రం, పడ్డవాళ్ళకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. దారిలో దుంగ పెట్టిన పెద్దమనిషికే అది అక్కరకొస్తుంది.