కుబేరుడు కొండ రాయించుకోలేదు

పోయిన వీడియోలో శ్రీనివాసుడు పెళ్లికోసం కుబేరుడి దగ్గర చేసిన అప్పు గురించి చెప్పుకున్నాం కదా. అది ఎడిట్ చేస్తున్న వారమే నా ఇంజినీరింగ్ ఫ్రెండ్ అరకు నుంచి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఎనిమిది లక్షలు సర్దగలవా?"

వాడిది గిరిజన కుటుంబం. రోడ్డు పక్కన సొంత భూమి ఉంది, రెస్టారెంట్ అండ్ బార్ పెట్టాలని ప్లాన్. భూమి తాకట్టు పెడతానన్నా బ్యాంకు లోన్ ఇవ్వనంది. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదు. రేపు వేలం వేస్తే కొనేవాళ్లేరి అని బ్యాంకు భయం.

నాకు మొదట చట్టం మీదే కోపం వచ్చింది. రక్షణ అంటూ వాడి కాళ్లు కట్టేసినట్టే కదా! తర్వాత కూర్చుని చదివాను. 1917లోనే బ్రిటిష్ వాళ్లు ఏజెన్సీలో వడ్డీకి హద్దు పెట్టి, భూముల బదిలీని అడ్డుకున్నారు. అప్పిచ్చి పొలం పట్టుకుపోయే షావుకార్లు అంతగా ఉండేవారన్నమాట. 1997లో సమత కేసులో, అది బొర్రా వైపు గనుల లీజుల గొడవ, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంతలో తెలిసినాయన ఒకరు ఐడియా ఇచ్చారు. "డబ్బు నీది, పేరు వాడిది. ఖాళీ స్టాంపు పేపర్ల మీద సంతకాలు తీసుకో, సరిపోతుంది." అబద్ధం ఎందుకు, రెండు రోజులు లెక్కలు కూడా వేశాను. అరకులో నాదంటూ ఒక చోటు! కానీ బ్యాంకు కాదని చెప్పి వదిలేసింది. నేను ఫ్రెండ్‌నంటూనే ఆ భూమి మీద చెయ్యి వేస్తున్నాను. కుబేరుడు పత్రం రాయించుకున్నాడు, వడ్డీ మాట్లాడుకున్నాడు, సాక్షుల్నీ పెట్టుకున్నాడు. అందులో తప్పేం లేదు. ఏడు కొండలు తన పేర రాయమని మాత్రం అడగలేదు.

ఇక బార్ సంగతి. "దేవుడి ఛానల్ నడుపుతూ మందు కొట్టుకి డబ్బిస్తావా?" అంది అమ్మ. కొండల్లో జీలుగు కల్లు పండగలో భాగం, దాన్ని పాపం అనడానికి నేనెవర్ని? అయితే పండక్కి తాగే కల్లు వేరు, రోజూ రాత్రి దాకా తెరిచుండే కౌంటర్ వేరు. 1996 నాటి పెసా చట్టం మత్తు అమ్మకాల మీద గ్రామసభకీ మాట ఇచ్చింది. అందుకే, ముందు సభలో అడుగు, ఊళ్లో ఆడవాళ్లు ఏమంటారో విను అన్నాను. వాడికి మండింది.

"హైదరాబాద్‌లో పబ్‌కెళ్లేటప్పుడు నువ్వెవర్ని అడిగావ్ రా?"

నా దగ్గర జవాబు లేదు.

చివరికి వంటగది వరకు మూడు లక్షలు పంపాను. వడ్డీ లేదు, తాకట్టు లేదు, తిరిగిచ్చే తేదీ మాత్రం ఇద్దరం రాసుకున్నాం. ప్రస్తుతం బొంగు చికెన్‌తో మొదలుపెట్టాడు. బార్ మాట సభలో ఎత్తాడో లేదో వాడింకా చెప్పలేదు, నేనూ అడగలేదు.