హెచ్చరికలో కనిపించని మాట

పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ తెలుగు మత్స్యకారుల వాడ. ఆ నగరం పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. 2011 జనగణన నాటికి అండమాన్, నికోబార్ దీవుల్లో నూటికి పదమూడుగురి మాతృభాష తెలుగు, పదిహేనుగురిది తమిళం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పక్కింటి నేస్తంతో తమిళం మాట్లాడే పిల్లలు అక్కడ వింత కాదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక, అక్కడి సినిమా దీవుల్లోని ఫోన్లలోకి సులువుగా చేరుతోంది.

అలాంటి ఇంట్లో ఒక తల్లికి వచ్చే సందేహం మనందరిదీ: "నెత్తురు పారే ఈ తమిళ సినిమా మా పిల్లాడు చూడొచ్చా?"

చట్టం ఆమెకు కొంత సాయం చేస్తుంది. 2021 నాటి నిబంధనల ప్రకారం ఇంటర్నెట్‌లో వచ్చే సినిమాకు వయసు వర్గం చూపాలి: అందరికీ, ఏడు దాటినవారికి, పదమూడు దాటినవారికి, పదహారు దాటినవారికి, పెద్దలకు మాత్రమే. దానితోపాటు హింస, బూతులు, భయం వంటి సూచనలూ ఇవ్వాలి. ఇది అవసరమే. కానీ ఇది చాలదు.

2018లో వచ్చిన 'రాట్ససన్'నే తీసుకుందాం. తర్వాతి ఏడు తెలుగులో 'రాక్షసుడు'గా వచ్చింది. బడిపిల్లలను వరసగా చంపేవాణ్ణి ఒక పోలీసు వెతికే కథ. ఆ హంతకుడు పుట్టుకతో క్రూరుడు కాదు. అరుదైన జబ్బు వల్ల చిన్న వయసులోనే ముసలి రూపం వచ్చినవాడు. తోటి పిల్లలు హేళన చేశారు. ఆ అవమానం పగై, పగ హత్యలైంది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. 'హింస' అన్న సూచన కత్తిని చూపిస్తుంది, హేళనను చూపించదు. జబ్బుతో మారిన శరీరాన్నే భయానికి గుర్తుగా నిలబెట్టడం కూడా హింసేనని చెప్పదు. వివక్షను కూడా లెక్కలోకి తీసుకోమని నిబంధనలు చెబుతాయి. అయినా మన కన్ను నెత్తురు దగ్గరే ఆగుతుంది. పుట్టుకను బట్టి, రూపాన్ని బట్టి అవమానాలు మోసిన సమాజం మనది. కత్తికంటే ముందు మాట కోస్తుందని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

తాలపుటుడనే నటుల నాయకుడు భగవానుణ్ణి అడిగాడు: "జనాన్ని నవ్వించి ఆనందపెట్టే నటుడు దేవలోకానికి వెళతాడా?" బుద్ధుడు రెండుసార్లు ఆ ప్రశ్న వద్దన్నాడు. మూడోసారి జవాబిచ్చాడు. రాగ ద్వేష మోహాలు వదలని జనంలో వాటినే ఇంకా పెంచేవాడికి, తాను మత్తులో ఉండి ఇతరులను మత్తులో ముంచేవాడికి మంచి గతి లేదన్నాడు. ఇక్కడ కొలత ఎన్ని దెబ్బలు చూపారన్నది కాదు, చూసినవాడి మనసులో ఏది పెరిగిందన్నది.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో నియమానికీ సూత్రానికీ తేడా చెప్పారు. నియమం ఆజ్ఞాపిస్తుంది. సూత్రం ఆలోచించి నడుచుకునే స్వేచ్ఛనిస్తుంది. అహింసను ఆయన సూత్రంగానే చూశారు. వయసు సూచన నియమం. పద్దెనిమిదేళ్ల పుట్టినరోజున అది పిల్లవాణ్ణి వదిలేస్తుంది. సూత్రం వదలదు.

కాబట్టి ఉపాసకులారా, చిన్నపిల్లల విషయంలో సూచనను కచ్చితంగా పాటించండి. భయం నిద్రలోకి కూడా వెంబడిస్తుంది. ఎదిగిన పిల్లలు చూస్తామంటే పక్కన కూర్చోండి. సినిమా అయ్యాక రెండు ప్రశ్నలు అడగండి: "చనిపోయిన పిల్లల కోసం నీకు బాధ కలిగిందా, లేక తర్వాత ఎవరు చస్తారా అన్న ఆత్రమే మిగిలిందా? ఆ కుర్రాణ్ణి హేళన చేస్తున్నప్పుడు నువ్వు ఎవరి పక్కన నిలబడ్డావు?"

రేపు బడిలో నత్తిగా మాట్లాడే పిల్లవాణ్ణి చూసి మనవాడు నవ్వకుండా ఉంటే, రెండో ప్రశ్నకు జవాబు దొరికినట్టే.