కంప కొట్టించిన రోజు

కారేపల్లి పక్కన మా రెండెకరాల బీడును ఆరేళ్లుగా దున్నలేదు. సర్కారు తుమ్మ, మోదుగ, పరికి కంప కమ్ముకున్నాయి. ముందు బ్లేడున్న ట్రాక్టరు పిలిపించాను. అమ్మ టైరు దగ్గర కొబ్బరికాయ కొట్టి "తప్పు కాయి తల్లీ" అంది. ఎవరిని అడిగినట్టు? భూమినా, తుమ్మనా?

బ్లేడు కదులుతుంటే ఖాండవ దహనం గుర్తొచ్చింది. భారతంలో అర్జునుడి అండతో అగ్ని కాల్చేసిన ఆ అడవి నుంచి బతికి బయటపడ్డవి ఆరే ప్రాణాలు: మయుడు, అశ్వసేనుడనే పాము, నాలుగు శార్ఙ్గక పిట్టలు. ఆ పామే తర్వాత కర్ణుడి బాణంలో చేరి అర్జునుడి మీదికొచ్చింది. రైతుగా నేను అర్జునుడి పక్షమే. పాము సంగతీ మరిచిపోలేను.

మధ్యాహ్నం డ్రైవరు బండి ఆపి "అన్నా, కౌజు గుడ్లు" అన్నాడు. ఆ గుంటెడు కంప వదిలేయమన్నాను. తక్కిన 79 గుంటల్లో ఏమేం నలిగాయో దిగి చూడలేదు. మోదుగ మాత్రం వేరు నుంచి మళ్లీ చిగురేసింది.