తప్పు పడ్డ రూపాయి ఎవరిది?

నవాబుపేటలో ఒక కిరాణా దుకాణం అనుకుందాం. పాల ప్యాకెట్ తీసుకుని నోటు ఇస్తే దుకాణం పెద్దమ్మ చిల్లర చేతిలో పెట్టింది. అందులో ఒక రూపాయి బిళ్ళ మీద అచ్చు పక్కకు జరిగి ఉంది. ఏడాది అంకె కింద చిన్న నక్షత్రం. అంటే మన హైదరాబాద్ టంకశాలది. ముంబైదైతే వజ్రం గుర్తు, నోయిడాదైతే చుక్క ఉండేది. కోల్‌కతాకి గుర్తే ఉండదు.

1903 నుంచి సైఫాబాద్‌లో నడిచిన ఆ టంకశాల 1997లో చర్లపల్లికి మారింది. యంత్రం రెండు డైల మధ్య లోహపు బిళ్ళను పెట్టి నొక్కుతుంది. బిళ్ళ సరిగ్గా కూర్చోకపోతే అచ్చు అంచుకు జారుతుంది. డై తిరిగితే వెనక బొమ్మ వంకరగా పడుతుంది. అలాంటివి తనిఖీలో ఏరేస్తారు. ఏ ఒక్కటో తప్పించుకుని బయటపడితే సేకర్తలు రూపాయికి మించి ఇచ్చి కొంటారు.

ఆ సంగతి పెద్దమ్మకి చెప్పాలా?

ఎందుకు చెప్పాలి, ఆమె ఇవ్వాల్సింది రూపాయి, ఇచ్చింది రూపాయి అంటాం. నిజమే. కానీ పొరపాటున పది రూపాయల బిళ్ళ ఇస్తే వెనక్కి ఇచ్చేస్తాం కదా!

ఇది పాత తగాదానే. ఇత్తడి అనుకుని ఒకడు బంగారం అమ్ముతుంటే కొనేవాడు నోరు విప్పాలా అని క్రీ.పూ. 44లోనే సిసిరో అడిగాడు. స్టోయిక్కుల్లో డయోజెనెస్ అక్కర్లేదనే పక్షం, యాంటిపేటర్ చెప్పాలనే పక్షం.

అయితే బంగారం విలువ బంగారంలోనే ఉంది. ఈ బిళ్ళ విలువ చాలావరకు గుర్తుపట్టిన కంటిది. కళ్ళు కాయలు కాచేలా చూసి నేర్చుకున్నవాడికి కూలి దక్కొద్దా? దక్కాలి. కానీ కూలి అయితే దాచాల్సిన పని లేదు. "పెద్దమ్మా, నువ్విచ్చిన బిళ్ళకి ఇంత వచ్చింది" అని వారం తర్వాత చెప్పడానికి నోరు రాకపోతే, మనం సొమ్ము చేసుకున్నది మన కష్టాన్ని కాదు, ఆమెకు తెలియకపోవడాన్ని.

చెప్పడంలోనూ జాగ్రత్త కావాలి. పాత నాణేలు కొంటామంటూ ముందే కమిషన్, పన్ను కట్టించుకునే మోసగాళ్ళ గురించి రిజర్వ్ బ్యాంక్ 2021లో హెచ్చరించింది. లేనిపోని ఆశ పెట్టడమూ ఒక అన్యాయమే.

బిళ్ళ ఉంచుకోవడం తప్పు కాదనే నా ఉద్దేశం. అమ్మితే ఆమెకు చెప్పి కొంత పంచాలి. అంతకంటే ముందు ఎలా చూడాలో నేర్పాలి. రోజూ చిల్లర తిరిగేది ఆమె గల్లాపెట్టెలోనే, మన జేబులో కాదు.