అరగని టైరు – అడ్డుగోడ లేని మిద్దె



ఈ మాసము ధ్యానమునకు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనమును తీసికొందము. ఇల్లు కట్టుకొను మనిషికి మోషే ధర్మశాస్త్రము అక్కడ ఒక చిన్న పని చెప్పుచున్నది. మిద్దె అంచున అడ్డుగోడ పెట్టవలెను. పెట్టక విడిచినందున ఒకడు జారిపడి చనిపోయినయెడల, ఆ ప్రాణమునకు లెక్క చెప్పవలసినవాడు ఇంటి యజమానుడే. ఈ మాట మిద్దెలకే గాక మన బండి టైర్లకును వర్తించునని మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి.

తుంగభద్ర కాలువ నీటిని నమ్ముకొని మన పెద్దలు వచ్చి స్థిరపడిన సింధనూరు ప్రాంతపు క్యాంపులలో మాది ఒకటి. మా సంఘమునకు జీపు వెనుక తగిలించు రెండు చక్రముల ట్రాలీ ఉన్నది. వేసవి కూడికలకు షామియానా, జంపఖానాలు, మైకు సెట్టు, వంట పాత్రలు దానిలోనే వెళ్లును. మిగిలిన పదునొకండు నెలలు అది మందిరము వెనుక ఎండలో నిలిచియుండును.

2023 మే నెలలో కూడికలకు బయలుదేరుచుండగా యౌవనస్థుడొకడు, “మాస్టారూ, టైర్ల ప్రక్కన సన్నగా పగుళ్లు పట్టాయండి, ఈసారి మార్పిద్దామా?” అని అడిగెను. మేము వంగి చూచి, “అరగనే లేదు గదా నాయనా, వచ్చే ఏడు చూద్దాంలే” అంటిమి. కానుక సొమ్ము మిగిల్చితిమని సంతోషించి, ప్రయాణము కొరకు ప్రార్థించి బయలుదేరితిమి.

మధ్యాహ్నపు ఎండలో ఒక టైరు పేలెను. ట్రాలీ ఒరిగి పాత్రలు రోడ్డుమీద దొర్లెను. వెనుక మోటారు సైకిలుపై భార్యాభర్తలు, వారి నడుమ చిన్నబిడ్డ. అతడు బండిని ప్రక్క చేనులోనికి దింపి తప్పించుకొనెను. ఎవరికిని దెబ్బ తగలలేదు. ఆ బిడ్డ ఏడుపు మాత్రము నేటికిని మా చెవులలో ఉన్నది.

ఆ రాత్రి కూడికలో దేవుడు మమ్మును కాపాడెనని సాక్ష్యము చెప్పితిమి; అందరును స్తోత్రము చెల్లించిరి. అయితే ముందుగానే ఒకడు హెచ్చరించెనన్న సంగతి మేము చెప్పలేదు. ఆ సాక్ష్యము సగమే నిజము. మిగిలిన సగము ఇప్పుడు మీ యెదుట ఒప్పుకొనుచున్నాము.

మరునాడు పంక్చరు షాపువాడు టైరు ప్రక్కన చిన్న గడిలోని నాలుగు అంకెలు చూపించెను: 1114. అనగా 2014వ సంవత్సరము 11వ వారములో తయారైనది. ఏండ్ల తరబడి పిల్లలకు అంకెలు నేర్పిన మాకు ఆ అంకెలు చదువుట తెలియలేదు! టైరు పరుగు వలన అరుగును. కాలము వలన ముదురును. ఎండ, వేడి, గాలి రబ్బరును గట్టిపరచి పగుల్చును. రబ్బరును కాపాడుటకు అందులో కలిపిన పదార్థములు టైరు తిరుగుచున్నప్పుడే బాగుగా పైకి వచ్చును. గనుక నిలిచియున్న టైరు చూపునకు క్రొత్తదిగానే యుండి లోపల బలహీనమగును. గాలి తక్కువై బరువు ఎక్కువైనప్పుడు అది వేడెక్కి పగులును.

అయిదేండ్లు దాటిన టైరును ఏటేట తెలిసినవారిచేత పరీక్ష చేయించవలెననియు, ఎంత బాగుగా కనబడినను పదేండ్లకు మించి వాడరాదనియు అనేక తయారీదారులు చెప్పుదురు. మా ట్రాలీ ఎండలో నిలుచును, బరువు మోయును గనుక ఏడవ యేటనే మార్చవలెనని సంఘము తీర్మానించినది. పగులు గాని ఉబ్బు గాని కనబడినయెడల అంతవరకు ఆగము. స్టెప్నీ కూడ ఈ లెక్కలోనిదే. వాడకపోయినను దానికిని వయస్సు వచ్చును. కొనునప్పుడు ఆ నాలుగు అంకెలు చూచి కొందుము. బయలుదేరు ఉదయము, టైరు చల్లగా ఉండగానే గాలి చూతుము. ఈ తీర్మానము కూడికల ముందు తొందరలో గాక, సంవత్సరారంభపు లెక్కల కూటములోనే చేయుదుము.

ప్రియులారా, ప్రార్థన టైరుకు బదులు కాదు. చేయగలిగిన పని మాని, కాపాడుమని అడుగుట ప్రభువును శోధించుటయే. కానుక సొమ్ము దేవునిదే. రోడ్డుమీద మన వెనుక వచ్చు ముక్కుమొగము తెలియని బిడ్డయు ఆయనదే. ఈ వారము మీ బండి యొద్దకు వెళ్లి, వంగి, ఆ నాలుగు అంకెలు చదువుడి. హెచ్చరించిన చిన్నవాని మాట త్రోసివేయకుడి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.