పాత సూది, కొత్త రాగం



మన కోటగిరిలో మూగబోయిన రేడియోను, గ్రామఫోనును పాతసామాన్ల బండికి తూకానికి వేస్తాము. 1920ల చివర అమెరికాలో లెస్ పాల్ అనే కుర్రవాడు గ్రామఫోను సూదిని తన గిటారుకు అమర్చి, రేడియోకు కలిపాడు. చెక్కలోని కంపనం విద్యుత్తుగా మారి, రేడియోలోనుండి గిటారు గట్టిగా పలికింది. సూది అదే, పని కొత్తది.

2015లో బోధన్ చక్కెర కర్మాగారం మూతపడింది. ఆ పని ఒక్కటే ఎరిగి, ఇక మేమెందుకని కుమిలి, తాగుడుకు లోనైన సోదరుని మనమే తూకానికి వేయలేదా? యిర్మీయా ప్రవక్త చూచిన కుమ్మరి, చెడిన కుండను పారవేయలేదు. అదే మట్టిని మరల మలిచాడు. దేవుని చేతులలో పనికిరాని మనిషి లేడు.

ఈ ఆదివారం పూజకు వచ్చేముందు అలాంటి సోదరుని తలుపు తట్టండి; వెంట తీసుకురండి. ఆమెన్.