చూసే హక్కు ఎవరిది?

పరిశోధకుని స్వేచ్ఛ అనగానే, అది విశ్వవిద్యాలయాలలో కొద్దిమంది పండితులు అనుభవించే సౌకర్యమనే భావం మనలో బలంగా ఉన్నది. గ్రంథాలయంలో కూర్చుని పాత తాళపత్రాలు తిరగేసేవానికి ఎవరూ అడ్డు చెప్పరు. కల్లోల ప్రాంతానికి స్వయంగా వెళ్ళి, అక్కడి మనుషుల్ని పలకరించి, విన్నది రాస్తానన్నప్పుడే అసలు ప్రశ్న తలెత్తుతుంది. అతనికి అనుమతి ఎవరివ్వాలి? ఇవ్వకపోతే నష్టపోయేది ఎవరు?

మన చరిత్రలోనే ఇందుకొక ఉదాహరణ ఉన్నది. 1940లో ఆదిలాబాదు అడవుల్లో, జోడేఘాట్ వద్ద, కొమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగాడు. ఆ తర్వాతనే గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కనిపించింది. అప్పటికే సంస్థానంలో చెంచుల జీవితాన్ని పరిశీలిస్తున్న ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ గోండుల మధ్యకు వెళ్ళాడు. యుద్ధకాలంలో బ్రిటిషువారి దృష్టిలో ఆయన శత్రుదేశపు పౌరుడు. అయినా నిజాం ప్రభుత్వపు అండ లభించింది. గోండుల భూములు అన్యాక్రాంతమైన తీరును, వడ్డీ వ్యాపారుల, చిన్న ఉద్యోగుల దోపిడీని ఆయన నివేదికలు బయటపెట్టాయి. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం వెలసింది.

"చూశారా, పాలకుల అనుమతితోనే సత్యం బయటికి వచ్చింది కదా" అని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదంలో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ అనుమతి ఎప్పుడు వచ్చిందో కూడా గమనించాలి. భూమిమీదా అడవిమీదా హక్కు కావాలని భీం బ్రతికుండగానే అడిగాడు. శాస్త్రజ్ఞుడు చేరేనాటికి ఆ మాట అడిగినవాడు లేడు. అనుమతి ప్రభువు దయగా ఉన్నంతకాలం అది ఆలస్యంగానే వస్తుంది. ప్రభువుకు అవసరమైన మేరకే వస్తుంది. ప్రభువు తుపాకినే పరిశీలిస్తానన్న పరిశోధకుడికి అది అసలే రాదు.

గోదావరికి ఆవల ఉన్న బస్తరును చూడండి. 2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత వేలాది ఆదివాసులు ఊళ్ళు విడిచి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వలస వచ్చారు. బస్తరుమీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు నందినీ సుందర్, మరికొందరితో కలిసి, ఈ విషయాన్ని సుప్రీంకోర్టు ముందు పెట్టారు. ఆదివాసీ యువకుల్ని ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, ఆయుధాలిచ్చి పోరులోకి దింపటం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న న్యాయమూర్తులు సుదర్శన్ రెడ్డి, నిజ్జర్ తీర్పు చెప్పారు. పరిశోధన సాధించగల ప్రయోజనానికి ఇంతకంటె మంచి నిదర్శనం ఉండదు. దానికి ప్రతిఫలం కూడా వినండి. 2016 నవంబరులో ఆమె పేరును ఒక హత్య కేసులో చేర్చారు. 2019లో ఆధారాలు లేవని పోలీసులే ఆ పేరును తొలగించారు. 2016 డిసెంబరులో తెలంగాణ నుండి సుక్మా జిల్లాకు నిజనిర్ధారణ కోసం బయలుదేరిన ఏడుగురిని అరెస్టు చేసి, ఛత్తీస్‌గఢ్ ప్రజాభద్రతా చట్టం కింద నెలల తరబడి జైల్లో ఉంచారు. రోడ్డుమీద అడ్డంగా కర్ర వేయటం ఒక పద్ధతి. వెళ్ళివచ్చినవారిని కోర్టుల చుట్టూ తిప్పటం మరొక పద్ధతి. రెండింటి ఫలితం ఒక్కటే.

ప్రజల భద్రత ముఖ్యం కాదా అని అడగవచ్చు. ముఖ్యమే. కాల్పులు జరుగుతున్న చోటికి ఒక రోజు పోవద్దనటం వేరు. ఏళ్ళ తరబడి ఎవరూ చూడకూడదనటం వేరు. 2021 జనవరిలో కేంద్ర విద్యాశాఖ, దేశభద్రతకు, సరిహద్దు రాష్ట్రాలకు సంబంధించిన అంతర్జాతీయ ఆన్‌లైన్ సదస్సులకు ముందస్తు అనుమతి కావాలన్నది. పండితలోకం నిరసించగా మరుసటి నెలలోనే ఉపసంహరించుకున్నది. ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవటానికి కూడా అనుమతి కావాలన్నప్పుడు ఎవరి ప్రాణానికి రక్షణ కల్పిస్తున్నట్టు?

అయితే దారికి అడ్డం నిలిచేది ప్రభుత్వమొక్కటే అనుకోవటం కూడా సరికాదు. ఆయుధం పట్టిన ప్రతి పక్షమూ తనకు అనుకూలమైన సాక్షినే కోరుతుంది. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించి, 1985లో ఆ ఉద్యోగం విడిచిన బాలగోపాల్ జీవితమే ఇందుకు ప్రమాణం. ఎన్‌కౌంటర్ జరిగిన ఊరికల్లా నడిచివెళ్ళి నిజం రాసిన ఆయన, నక్సలైట్ల హింసను కూడా ప్రశ్నించాలన్నాడు. ఆ విభేదంతోనే 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. ఎవరి అనుమతిమీదా ఆధారపడనివాడే ఇరుపక్షాలనూ ప్రశ్నించగలడు.

ఇక అన్నిటికంటె కష్టమైన ప్రశ్న మిగిలింది. పరిశోధకుడు వారం రోజులుండి తిరిగివస్తాడు. మాట చెప్పినవాడు అక్కడే ఉంటాడు. మా కామారెడ్డి పక్కనే ఉన్న సిరిసిల్లను 1978లో జగిత్యాలతోపాటు కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. ఆ రోజుల పాటలు, అనుభవాలు సేకరించుకు రమ్మని నా విద్యార్థుల్ని ఊళ్ళకు పంపుతుంటాను. పెద్దలు చాలాసేపు చెప్పి, చివరకు "నా పేరు రాయకు బిడ్డా" అంటారట. ఆ మాటను పిరికితనమని నేననుకోను. అది వారి షరతు. ఉత్తర ఐర్లండు సాయుధ పోరాటంలో పాల్గొన్నవారికి, వారి మరణం దాకా రహస్యం కాపాడతామని మాటిచ్చి అమెరికాలోని బాస్టన్ కళాశాల వాంగ్మూలాలు సేకరించింది. 2011 నుండి బ్రిటిష్ పోలీసుల కోసం కోర్టులు అడుగగా, అందులో కొన్నిటిని అప్పగించవలసి వచ్చింది. నిలబెట్టుకోలేని మాట ఇచ్చే హక్కు ఏ పండితునికీ లేదు.

కాబట్టి వెళ్ళే స్వేచ్ఛ, రాసే స్వేచ్ఛలతోపాటు, చెప్పినవారి పేరు చెప్పకుండా ఉండే స్వేచ్ఛ కూడా పరిశోధకునికి ఉండాలి. మన రాజ్యాంగం విద్యాస్వేచ్ఛను ప్రత్యేకంగా పేర్కొనలేదు. జర్మనీ రాజ్యాంగం, నాజీల పాలన చవిచూసిన తర్వాత, పేర్కొన్నది. అంతటి అనుభవం వచ్చేదాకా మనం ఆగనవసరం లేదు. అడవిలోని ఆదివాసికి పత్రిక లేదు, న్యాయవాది లేడు. తన గోడు వినటానికి వచ్చిన మనిషిని దారిలో ఆపేస్తే, నోరు మూతపడేది పండితునిది కాదు, ఆ ఆదివాసిదే. చూసే హక్కు పరిశోధకుని చేతిలో ఉన్నా, దాని అసలు హక్కుదారు అతడే.